పరాయి యింట నొక సంవత్సరము

ఆడపిల్ల పరాయి యింటికి పోవుట మనకు క్రొత్త సంగతి కాదు. పుట్టిన నాటినుండియే "ఆడ పిల్లే గాని ఈడ పిల్ల కాదు" అని చెప్పుకొనుచు, ఒకనాటికి పంపవలసినదే యని మనసును సిద్ధపఱచుకొని పెంచుచుందుము. కాని పదునాఱేండ్ల పిల్ల, పెండ్లి లేదు, చుట్టఱికము లేదు, సముద్రముల కావల నెన్నడును చూడని యొక యింటికి పోయి, పది నెలలు వారి బిడ్డవలె నుండి, ఆ యూరి హైస్కూలులో చదివి, మరల మన యింటికి వచ్చుట యనునది మన పెద్దలెఱుగని ప్రయాణము. ఈ కాలమున అట్టి ప్రయాణములు జరుగుచున్నవి. మా యింటనే యొకటి జరిగినది. దానినిగూర్చి సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

కొన్ని యేండ్ల క్రిందట, మా అమ్మాయి తొమ్మిదవ తరగతి ముగించిన వేసవిలో, ఒకనాటి సాయంకాలము దరఖాస్తు కాగితములు తెచ్చి మా ముందుంచెను. పదవ తరగతి కాగానే అమెరికా దేశమున నొక సంవత్సరము చదివి వచ్చుట కొక సంస్థవారు విద్యార్థుల నేర్చుచున్నారట. మా వారు ఖర్చెంత యని యడిగిరి. మా అత్తగారు వత్తులు చేయుచున్నవారు తలయెత్తి, "అక్కడ దీనికి అన్నం ఎవరు పెడతారు?" అని యడిగిరి. మేమేమియు నడుగలేక పిల్ల ముఖమునే చూచుచుంటిమి. ఆనాడు అత్తగారి ప్రశ్నకు మేమందఱము నవ్వితిమి. ఆ సంవత్సరము గడచిన పిమ్మట గాని, అడుగవలసిన ప్రశ్న అదియే యని మాకు తెలియలేదు.

ఈ యేర్పాటు పుట్టిన విధము

పిల్లల నిట్లు ఇచ్చిపుచ్చుకొనుట బడిలో పుట్టిన యాలోచన కాదు, యుద్ధభూమిలో పుట్టినది. 1915లో, మొదటి ప్రపంచయుద్ధము జరుగుచుండగా, పయట్ ఆండ్రూ అను అమెరికను ఆర్థికశాస్త్ర పండితుడు, ఫ్రాన్సు దేశమున గాయపడిన సైనికులను మోటారు బండ్లలో ఆసుపత్రులకు చేర్చుటకై స్వచ్ఛంద సేవకులను కూర్చెను. దానికి అమెరికన్ ఫీల్డు సర్వీసు అని పేరు. కళాశాలలు విడిచి వచ్చిన యువకులు పెక్కండ్రు ఆ బండ్లు నడపిరి. రెండవ యుద్ధమునను ఆ బండ్లు నడచినవి. యుద్ధము ముగిసిన పిదప, స్టీఫెన్ గలాటి నాయకత్వమున, గాయపడినవారిని మోసినవారే ఇట్లాలోచించిరి: గాయములు కట్టుటకంటె గాయములు కలుగకుండ చేయుట మేలు గదా, ఒక దేశపు పిల్లలు మఱియొక దేశపు యిండ్లలో బిడ్డలుగా పెరిగినచో, రేపు ఆ దేశముపై తుపాకి యెత్తుటకు చేయి రాదు గదా. 1947లో తొలి జట్టుగా 52 మంది హైస్కూలు విద్యార్థులు అమెరికాకు వచ్చిరి.

1951లో మిషిగన్ రాష్ట్రమున రాచెల్ ఆండ్రెసెన్ అను స్త్రీ పూనికతో మఱియొక పని జరిగినది. యుద్ధమున చితికిపోయిన జర్మనీ దేశమునుండి 75 మంది యువతీయువకులను అచ్చటి కుటుంబములవారు తమ యిండ్లకు తెచ్చుకొనిరి. యుద్ధము ముగిసి ఆఱేండ్లే యైనది. నిన్నటివరకు శత్రువులనిపించుకొన్నవారి బిడ్డలకు పక్క పఱచి, వడ్డించి, బడికి పంపిన ఆ గృహిణుల పేర్లు చరిత్ర పుస్తకములలో కనబడవు. ఆ పనియే తరువాత "యూత్ ఫర్ అండర్‌స్టాండింగ్" అను సంస్థయై పెరిగినది.

పిదప ప్రభుత్వములును ఇందులోనికి వచ్చినవి. 1983లో అమెరికా, జర్మనీ శాసనసభలు కలిసి తమ పిల్లలకు విద్యార్థివేతనముల నేర్పఱచినవి. సోవియట్ రాజ్యము విడిపోయిన పిమ్మట, 1992లో అచ్చటి పిల్లలకై యొక పథకమును, 2001 సెప్టెంబరునాటి ఘోరము జరిగిన మఱుసటి యేడు, 2002లో, ముస్లిము జనాభా హెచ్చుగా గల దేశముల పిల్లలకై మఱియొక పథకమును అమెరికాలో వెలసినవి. ఈ చివరి దానిని కెనెడీ, లూగర్ అను ఇరువురు సెనేటర్ల పేర పిలుతురు. మన దేశపు విద్యార్థులును దాని ద్వారా పోయి వచ్చియున్నారు. రోటరీ క్లబ్బులవారు స్వయముగ నడపు యేర్పాటు వేఱొకటి కలదు. అందు పిల్ల ఒక యేడులో రెండు మూడు యిండ్లు మాఱుచుండును. కొన్నిటిలో ఖర్చంతయు ఇచ్చువారిదే. కొన్నిటిలో చాలవఱకు తల్లిదండ్రులదే. కావున దరఖాస్తు వేయుటకు ముందే ఆ లెక్క తేల్చుకొనవలెను.

అన్నిటియందును ఒక్క సంగతి మాత్రము సామాన్యము. ఎక్కడ యుద్ధమో, పగయో జరిగినదో అక్కడనే పెద్దలు ఈ మందును వెదకికొనిరి. ఆ మందు తయారగుచోటు మాత్రము మంత్రుల కచ్చేరి కాదు. ఒక గృహిణి వంటయిల్లు.

ఆ యింటివారెవరు?

ఈ యేర్పాటున పోవు విద్యార్థికి వయస్సు పదునైదు మొదలు పదునెనిమిదిన్నర యేండ్ల లోపల నుండవలెనని అమెరికా నిబంధన. ఒక విద్యాసంవత్సరమునకు మించి యుండరాదు. పోవుటకు ముందే ఆ యూరి బడివారు చేర్చుకొందుమని వ్రాసి యియ్యవలెను. ఆరోగ్య భీమా యుండవలెను. ఇవన్నియు కాగితముల సంగతులు.

మాకాశ్చర్యము కలిగించినది వేఱొక నిబంధన. పిల్లను చేర్చుకొను కుటుంబమునకు జీతము లేదు, అద్దె లేదు. మంచము, భోజనము, బడికి పోవు దారి చూపుట, జ్వరము వచ్చినచో తల పట్టుట, ఇదియంతయు ఉచితమే. మన యిండ్లలో నాలుగు దినములు చుట్టములు వచ్చిన మూడవ దినముననే మన మోము మాఱుట మనకు తెలియనిది కాదు. పది నెలలు, రక్తసంబంధము లేని పిల్లను, ఏ ప్రతిఫలమును లేక, ఎవరు చేర్చుకొందురు? ఎందుకు చేర్చుకొందురు? ఈ సందేహము పెట్టుకొనియే మేము శంషాబాదు విమానాశ్రయమున పిల్లను పంపి, కాకినాడకు తిరిగి వచ్చితిమి.

మా అమ్మాయి పోయినది మిషిగన్ రాష్ట్రమందలి చిన్న యూరు. ఆ యింటి తల్లి ఆసుపత్రిలో నర్సు. తండ్రి వడ్రంగపు పని చేయించువాడు. పదేండ్ల కొడుకు ఒకడు. వారు ధనవంతులు కారు. మొదటి యుత్తరమున మా అమ్మాయి వ్రాసిన సంగతులలో ఒకటి మమ్ములను మిక్కిలి నొప్పించినది. ఆ యింటి రిఫ్రిజిరేటరు తలుపుమీద ఎవరెవరి పని యేదియో వ్రాసిన కాగిత మంటించియున్నదట. మా అమ్మాయి వంతునకు, శనివారమున స్నానపుగది కడుగుట. "మా పిల్లను పనిమనిషిగ చేసిరా?" అని మేము కోపించుకొంటిమి. రెండవ యుత్తరమున తెలిసినదేమనగా, ఆ యింటి తండ్రి వంతు గిన్నెలు కడుగుట. పదేండ్ల పిల్లవాని వంతు చెత్త పాఱవేయుట, కుక్కకు మేత పెట్టుట. అతిథికి పని చెప్పరు, ఇంటిబిడ్డకు చెప్పుదురు. పని చెప్పుటయే చేర్చుకొనుట యని వారి మతము. మా యింట స్నానపుగది కడుగునది వేఱొక తల్లి కన్న బిడ్డ యను సంగతి మాకప్పుడు జ్ఞాపకము వచ్చినది. ఆ కోపమును మ్రింగితిమి.

మొహమాటము

ఇక అసలు సంగతికి వచ్చుచున్నాము.

మన పిల్లలకు మనము నేర్పు గుణములలో మొహమాటము ఒకటి. చుట్టముల యింట "ఇంకొంచెం వేసుకో" అన్నచో "వద్దండీ, చాలు" అనవలెను. రెండవమారు అడిగినప్పుడు తల యూపవలెను. మూడవమారు వడ్డించినప్పుడు గాని చేయి తీయరాదు. మొదటి మాటకే "వేయండి" అన్న పిల్లను ఆశపోతు అందుము. ఈ యాట మనకును తెలియును, వడ్డించువారికిని తెలియును. కావున ఎవ్వరును ఆకలితో లేవరు.

మిషిగన్‌లో ఆ యాట తెలిసినవారు లేరు. మొదటి రాత్రి ఆ యింటి తల్లి, "ఇంకను కావలెనా?" అని యడిగెను. మా అమ్మాయి "వద్దు, చాలు" అనెను. ఆ తల్లి సరే యని గిన్నె తీసి లోపల పెట్టెను. పెద్దమనిషి మాటను నమ్మినట్లు పిల్ల మాటను నమ్మెను. అది అక్కడ మర్యాద. మా పిల్ల ఆ రాత్రి రెండవమాటు అడుగుదురని యెదురుచూచి, ఆకలితో పండుకొనెను. రెండవ రాత్రియు నంతే. శాకాహారి యని ముందే వ్రాసియుండుటచే వారు రొట్టె, చీజు, కూరగాయ ముక్కలు సిద్ధము చేసిరి. అవి చాలవని చెప్పుటకు పిల్లకు నోరు రాలేదు. బీరువాలు తెఱచి కావలసినది తినుమని వారు మొదటి దినముననే చెప్పిరట. పరాయి యింట బీరువా తెఱచుట దొంగతనమని పెరిగిన పిల్ల యెట్లు తెఱచును?

మేము టెలిఫోనులో "తిన్నావా?" అని దినదినమును అడుగుచుంటిమి. "తిన్నానమ్మా" అనుచుండెను. మా దగ్గఱను మొహమాటమే! సంస్థ తరపున నెలకొక్కమారు మాటలాడి క్షేమము కనుగొనుటకు ఆ ప్రాంతమున నొక పెద్దమనిషి యుండవలెనని నియమము. ఆమె వచ్చి యడిగినప్పుడును "అంతయు బాగున్నది" అనియే చెప్పెను.

నాలుగవ వారమున, ఒక రాత్రి ఆ యింటి తల్లి నీళ్లు త్రాగుటకు లేచి, పిల్ల గదిలో ఏడ్పు విని లోపలికి పోయెను. చాలసేపటికి గాని సంగతి బయటపడలేదు. ఆ తల్లి ముందు నవ్వలేదు, జాలిపడలేదు, నొచ్చుకొనెను. "నా యింట నొక బిడ్డ నెల దినములు ఆకలితో పండుకొన్నదా! నీవు చెప్పినచో గదా నాకు తెలియును. నీవు చెప్పినదే నిజమనుకొంటిని" అనెను. ఆ రాత్రియే పొయ్యి వెలిగించి అన్నము వండెను. పొడిపొడిగా, ఉప్పు వేసి, వెన్నతో. మా అమ్మాయి సంచిలో మా అత్తగారు పెట్టిన కందిపొడి సీసా యుండెను. మూత తీయని సీసా. తానొక్కతే తినుట తప్పని యూరకుండెనట. ఇరువురును వంటయింటి బల్లవద్ద కూర్చుండి కందిపొడి కలుపుకొని తినిరట. ఆ తల్లికి కండ్లనీళ్లు వచ్చెనట, కారము చేత.

ఆ మఱునాడు రిఫ్రిజిరేటరుమీద క్రొత్త కాగితము వెలసినది. మా అమ్మాయికి కావలసిన వస్తువులు తానే వ్రాయవలెను. వ్రాయక "ఏదైనను ఫరవాలేదు" అన్నచో ఒప్పుకొనరు. "ఫరవాలేదు" అను మాటకు ఆ యింట విలువ లేదు.

బడిలోను ఇదే పాఠము. అక్కడి హైస్కూలున నాలుగు తరగతులు, తొమ్మిది మొదలు పండ్రెండు వఱకు. ఉపాధ్యాయుడొక గదిలోనే యుండును. పిల్లలే గంట గంటకు గదులు మాఱుదురు. మా అమ్మాయి పాఠములన్నియు చదువును, వ్రాతపరీక్షలో మంచి మార్కులే తెచ్చుకొనును. అయినను చరిత్ర తరగతిలో మార్కులు తగ్గినవి. ఏమని యడుగగా, తరగతిలో మాటలాడుటకును మార్కులున్నవట. ఈ పిల్ల ప్రశ్న వేయదు, ఒప్పుకొనదు, కాదనదు. మన బడులలో నోరు విప్పని పిల్లను బుద్ధిమంతురాలందుము. ఆ యుపాధ్యాయుడు, పాపము, ఈ పిల్లకు పాఠము తెలియలేదని తలచెను.

నోరు విప్పుట యెందుకు ముఖ్యము

మొహమాటమువలన కలిగినది మా పిల్లకు నాలుగు వారముల ఆకలి మాత్రమే. ఆ యిల్లు మంచిది కావున అంతతో పోయినది. అన్ని యిండ్లు మంచివి కావు. ఈ మాట చెప్పక విడుచుట పాఠకురాండ్రకు ద్రోహము చేయుటయే యగును.

2009లో పెన్సిల్వేనియా రాష్ట్రమందలి స్క్రాంటన్ పట్టణమున కొందఱు విదేశ విద్యార్థులను తగని యిండ్లలో పెట్టిన సంగతి బయటపడినది. కొందఱు తిండి చాలక చిక్కిపోయిరి. కొందఱున్న యిండ్లు శుభ్రత లేనివి. ఆ సంగతి అమెరికా శాసనసభ వఱకు పోయినది. 2010లో నిబంధనలు కఠినములైనవి. చేర్చుకొను కుటుంబమును వారి యింటనే కలిసి విచారింపవలెను. ఆ యింట పదునెనిమిదేండ్లు నిండిన ప్రతివారి పూర్వచరిత్రను, నేరములేమైన నున్నవేమో పరీక్షింపవలెను. పిల్లకు వేఱుగా మంచముండవలెను. ఆపదలో పిలువవలసిన టెలిఫోను నెంబర్లు గల చీటిని ప్రతి పిల్లకును ఈయవలెను. ఇల్లు సరిపడనిచో మఱియొక యింటికి మార్చుదురు. మాఱుట తప్పు కాదు, అవమానమును కాదు.

కాని, అక్కలారా, చీటి యున్నంత మాత్రమున చాలదు. ఆ నెంబరును త్రిప్పవలసినది పిల్ల. "ఈ యింట నాకు భయముగా నున్నది" అని నోరు విడచి చెప్పవలసినది పిల్ల. "ఎవరైన నేమనుకొందురో" అని పదునాఱేండ్లు నేర్పి, ఒక్కనాటితో విమానమెక్కించి, "ఏమైన నున్నచో చెప్పు" అన్నచో ఆమె యెట్లు చెప్పును? సర్దుకొనిపొమ్మను మాట అత్తవారింటికి పోవు పిల్లకు మనము కట్టియిచ్చు సద్ది. ఆ సద్ది వలన ఎందఱు ఆడపిల్లలు మాటలేక మ్రగ్గిరో మనకు తెలియును. పరదేశమునకు పోవు పిల్లకైనను దానిని కట్టకుందుము.

ఇంటినుండి పిలుచు గొంతు

మేము చేసిన తప్పు నొకదానిని చెప్పవలెను. కాకినాడలో సాయంకాలము నాలుగున్నర యైనప్పుడు అక్కడ ఉదయము ఏడు గంటలు. ఆ వేళకు పిల్ల లేచి బడికి సిద్ధమగుచుండునని, మేము ప్రతిదినమును సెల్‌ఫోను పట్టుకొని కూర్చుండెడివారము. ముఖము కనబడు టెలిఫోను గదా, వంటయిల్లు చూపుదుము, తులసికోట చూపుదుము, బామ్మను చూపుదుము. నవంబరు మొదటి ఆదివారమున వారు గడియారములను ఒక గంట వెనుకకు త్రిప్పుకొందురట. అది తెలియక ఆరు గంటలకే పిల్లను లేపి, ఇంటివారినందఱిని లేపితిమి.

సంస్థవారు మాకు నెమ్మదిగా చెప్పిరి: "మీరు దినమున కొకమారు పిలుచుచుండగా ఆ పిల్ల శరీరము మాత్రమే ఇక్కడ నున్నది." మాకు కోపము వచ్చినది. కన్నతల్లిని పిలువవద్దనుటకు వీరెవరు? కాని ఆ యింటి తల్లి వ్రాసిన చిన్న జాబు మమ్ము నిలువరించినది. పిల్ల దిగులుపడినప్పుడెల్ల తన గదిలోనికి పోయి మాతో మాటలాడి, మరల బయటికి వచ్చుచున్నదట. తన యొద్దకు రావలసిన దుఃఖము తన యొద్దకు వచ్చుట లేదని ఆమె వ్రాసెను. ఆ మాట చదివి మా అత్తగారే అనిరి: "పిల్లను ఇచ్చిన తర్వాత కొంచెం వాళ్లనీ పెంచనివ్వాలి కదమ్మా." అప్పటినుండి ఆదివారమున కొక్కమారు. మొదటి నెల మాకు కష్టము. పిల్లకు కాదు.

పరదేశవాసుల మనఃస్థితిని గుఱించి పండితులు చాల వ్రాసిరి. 1955లో లిస్‌గార్డ్ అను నార్వే దేశపు పండితుడు, అమెరికాలో చదివివచ్చిన తన దేశస్థులను విచారించి, మొదట ఉత్సాహము, నడుమ క్రుంగుట, పిదప తేరుకొనుట యని మూడు దశలు చెప్పెను. 1963లో మఱి యిరువురు, గల్లహార్న్ దంపతులు, ఇంటికి తిరిగి వచ్చిన పిదప ఇదే వరుస మరల నొకమారు జరుగునని చేర్చిరి. అందఱికిని ఇదే వరుస యని తరువాతి పరిశోధకులు ఒప్పుకొనలేదు. మా అమ్మాయికి మాత్రము డిసెంబరు చీకటిలో క్రుంగుటయు, మంచు కరగునప్పటికి తేరుకొనుటయు జరిగినవి. తల్లులు తెలిసికొనవలసినదేమనగా, నడుమ వచ్చు ఆ దిగులు రోగము కాదు, ఓటమి కాదు. "వచ్చేయి తల్లీ" అని మనము తొందరపడరాదు. దిగులునకును భయమునకును భేదము కలదు. దిగులైనచో ఓర్పు చెప్పవలెను. భయమైనచో ఆ క్షణమే కదలవలెను. ఏది యేదియో తెలియవలెనన్న పిల్ల మనకు నిజము చెప్పు అలవాటు ముందునుండియు నుండవలెను.

యేడు పోవునా?

మన తల్లిదండ్రుల పెద్ద సందేహమిది. మన యాంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో పదవ తరగతి పిదప రెండేండ్ల ఇంటర్మీడియేటు, దాని వెంట ప్రవేశపరీక్షలు. తోటిపిల్లలు తెల్లవాఱుజామున లేచి గణితము చేయుచుండగా, మన పిల్ల మిషిగన్‌లో మంచుబొమ్మ చేయుచుండును. అక్కడి చదువునకు అక్కడి పట్టా ఈయవలెనను నియమమును లేదు. కావున తిరిగి వచ్చి మొదటి సంవత్సరమున చేరవలెను. తోటివారికంటె ఒక యేడు వెనుక. ఇది నష్టమే. లేదని మేము చెప్పము. ఆ నష్టమును ముందే ఒప్పుకొని పంపవలెను. పంపిన పిదప పిల్ల ముందు దానిని లెక్కపెట్టరాదు. ఇంటి ధనస్థితి, పిల్ల ఆరోగ్యము, ఆమె యిష్టము, ఈ మూడింటిలో ఏది లోపించినను పంపకుండుటయే మంచిది. ముఖ్యముగా, తల్లిదండ్రుల గొప్పకొఱకు పిల్లను పంపరాదు.

తిరిగి వచ్చిన పిల్ల

జూను నెలలో మా అమ్మాయి తిరిగి వచ్చినది. ఆంగ్లము బాగుగా వచ్చినదా యని అందఱును అడిగిరి. వచ్చినది; అది చిన్న లాభము. వచ్చిన వారమున మా ఆడబిడ్డగారి యింట భోజనమునకు పిలిచిరి. వడ్డించుచు మా ఆడబిడ్డగారు వాడుక చొప్పున, "ఇంకాస్త అన్నం పెట్టనా?" అనిరి. మా అమ్మాయి మొదటి మాటకే, "పెట్టండత్తా, ఆకలిగా ఉంది" అనెను. పంక్తిలో ఒకరి ముఖమొకరు చూచుకొనిరి. అమెరికా పోయి సిగ్గు విడిచినదని యెవరో మెల్లగా ననిరి. మాకును ముఖము చిన్నబోయినది. నిజము దాచనేల?

మా అత్తగారు మాత్రము విస్తరిమీదనుండి తలయెత్తి, "ఆకలేస్తోందని చెప్పే పిల్లకి అన్నం పెట్టడం తేలిక. చెప్పని పిల్లకే పెట్టలేం" అనిరి. ఆ దినమున మొదట వేసిన ప్రశ్నకు ఆమెయే జవాబు చెప్పుకొన్నట్లైనది.

పిల్ల మాటలో వచ్చిన ఆ మార్పు మొదట గుచ్చుకొనును. "నాకు వద్దు", "నాకు కావాలి", "నాకు నచ్చలేదు" అను మాటలు మన యింట ఆడపిల్ల నోట వినుట అలవాటు లేక, తలబిరుసు అనిపించును. కొన్ని దినములలో మేము గమనించినదేమనగా, ఆ పిల్ల ఇతరుల "వద్దు"ను కూడ అంతే గౌరవముతో వినుచున్నది. మా పనిమనిషిని "ఈ రోజు ఒంట్లో ఎలా ఉంది?" అని యడిగి, ఆమె "ఫరవాలేదమ్మా" అన్నచో ఊరకుండక, "నిజం చెప్పు" అనుచున్నది. శనివారమున స్నానపుగది తానే కడుగుచున్నది.

పంప దలచిన తల్లులకు మా మాట ఇంతే. సంస్థ యెట్టిదో, ఎన్నాళ్ల నుండి యున్నదో విచారింపుడు. మునుపు పోయి వచ్చిన పిల్లల తల్లులతో మాటలాడుడు. ఆ యింటివారి సంగతి తెలియనిదే విమానమెక్కింపకుడు. పెట్టెలో పచ్చడి సీసాలు సర్దుటకు ముందు, ఇంట ఆఱు నెలలైనను పిల్లచేత "కావాలి", "వద్దు", "భయంగా ఉంది" అను మూడు మాటలు వెఱపు లేక పలికింపుడు. ఆ మాటలు పలికినప్పుడు మనము కసరకుండుట మన వంతు సాధన.

ఇంకొకటి. దీని పేరే ఇచ్చిపుచ్చుకొనుట. ఇచ్చుట సగమే. ఇతర దేశముల పిల్లలును మన దేశమునకు ఒక యేడు చదువుకొన వచ్చుచున్నారు. వారికిని యిండ్లు కావలెను. మా అమ్మాయి ఇప్పుడు విశాఖపట్టణమున కళాశాలలో నున్నది. ఆమె గది ఖాళీగా నున్నది. మొన్న మా అత్తగారు ఆ గది కిటికీ తెఱచి, పఱుపు ఎండలో వేయించుచు, "ఎవరైనా పిల్లను తెచ్చుకుందామా?" అనిరి. ఆ పిల్లకు మన యన్నము పడునో పడదో యని మేము సందేహించితిమి.

"అడిగితే చెబుతుంది. చెప్పకపోతే రెండోసారి అడుగుదాం" అనిరి ఆమె.